చీపురు బొమ్మ

పుళియాంతోపు ఆస్పత్రిలో, టీబీ మందుల గది పక్కన
నాకో కుర్చీ వేశారు.
కుర్చీకి మూడు కాళ్ళు, ఒక ఇటుక.
ఒళ్ళో ల్యాప్‌టాప్, సంచిలో
రాత్రంతా గీసిన పదకొండు బొమ్మలు.

సంస్థవాళ్ళు ముందే చెప్పారు:
దగ్గేవాళ్ళు కూడా నవ్వుతూ ఉండాలి,
ఎముకలు కనపడకూడదు,
ఎరుపు వద్దు, నెత్తురు గుర్తొస్తుంది,
మా రంగు నెమలికంఠం, అదే వాడండి.
వాడాను.
పొడుగు చేతులు, చిన్న తలలు,
ఏ ఊరికీ చెందని నున్నటి మనుషులు.
ముఖాల్లో ఏమీ ఉండదు. ఇప్పుడదే ఫ్యాషన్.

ఊపిరితిత్తులకే మూడు రోజులు పట్టింది.
మొదటిసారి సీతాకోకచిలుకలా వచ్చాయి,
రెండోసారి మటన్ కొట్టు ముందు వేలాడేవాటిలా.
మూడోసారి మునగరెమ్మ రెండుగా చీలినట్టు వస్తే
హమ్మయ్య అనుకున్నాను.

ఆ పొద్దున వరసలో నాలుగో మనిషి పెంచలమ్మ.
కార్పొరేషన్ కోటు ఇంకా విప్పలేదు.
ఈ బొమ్మ ఏం చెబుతోందమ్మా అని తమిళంలో అడిగాను.
తెలుగులో జవాబొచ్చింది.
కావలి దాటొచ్చి ముప్పయ్యేళ్ళయినా
యాసలో ఉప్పు తగ్గలేదు.

"నోరు లేనోళ్ళు మాత్తర ఎట్ట మింగతారు పాపా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు.
నిజంగానే అడిగింది.

తర్వాతి కార్డు చూపించాను:
సూర్యుడు, నాలుగు మాత్రలు, ఖాళీ కంచం.
పొద్దున్నే, పరగడుపున.
ఇంతకంటే తేలిగ్గా ఎవరూ గీయలేరని నా గర్వం.

"పొద్దు పొడిస్తే నేను పండుకుంటా గదా.
లేసేతలికి సాయంత్రం నాలుగు.
అప్పుడు పొద్దు పడమట ఉంటది.
అది గూడా ఇట్టనే గుండ్రంగా ఉంటది."

రాత్రి పదకొండు నుంచి మౌంట్ రోడ్డు ఊడుస్తుంది.
పాత కార్డులోనూ ఇదే సూర్యుడు.
రెండు వారాలు ఆమె ఒక్కోరోజు ఒక్కోవేళ
మందు మింగింది.
పాతది గీసింది నేను కాదు, ఆ మాట
బయటికి అనబోయి ఆగిపోయాను.
లేచేసరికి మా వీధి శుభ్రంగా ఉంటుంది రోజూ.
అది పొద్దుటికి ఉండే గుణమనుకున్నాను ఇన్నాళ్ళూ.

మరి నీకు గుర్తుండే వేళేది?

"చీపురు గోడకి ఆనించే యాళ."

అక్కడే గీశాను.
వెదురు పిడి, అరిగిన ఈనెలు,
గోడ అంటే ఒక్క గీత.
పక్కన నాలుగు మాత్రలు.

నుంగంబాక్కం మీటింగులో
నప్పిన్నై గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.
చీపురు వద్దండీ, రోగుల గౌరవం చూడాలి కదా.
ఆవిడ చెడ్డమనిషి కాదు,
నా బిల్లు ఒక్కసారీ ఆలస్యం చేయలేదు.
నేనూ వాదించలేదు.
తలూపి దిగొచ్చి, బస్టాపులో నిలబడి
పెంచలమ్మకు ఎట్లా చెప్పాలా అని
రెండు బస్సులు వదిలేశాను.

చెప్పాక, కార్డును కాసేపు అటూ ఇటూ తిప్పింది.
"నాకు లేని సిగ్గు ఆళ్ళకెందుకంట?"
నా పెన్ను లాక్కుని
ముఖం లేని నా మనిషికి కళ్ళు పెట్టింది,
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.
నోరు గీస్తుండగా దగ్గు తెర వచ్చింది.
గీత జారి చెంప దాకా పోయింది.
"ఉండనీలే" అంది.

ఉంచాను.

అచ్చుకు వెళ్ళినవి:
సూర్యుడు అయిదువేలు.
చీపురు రెండొందలు, ప్రయోగంగా,
ఒక్క పుళియాంతోపుకే.
కంప్యూటర్లో ఆ ఫైలు పేరు 'చివరిది'.
దాని కింద 'నిజంగా చివరిది'.
దాని కింద ఇవాళ ఇంకోటి తెరిచాను, పేరు పెట్టలేదు.
కాసిమేడులో ఒకతను వారానికి నాలుగు రోజులు
నీళ్ళ మీదే ఉంటాడట.
అతనికి పొద్దు ఎటు పొడుస్తుందో
వెళ్ళి అడగాలి.